తూము కడ్డీ

కారవేడు,
11-8-2024

రూతుకు,

నేను బాగున్నాను. బాగున్నాను అంటే వేళకు తింటున్నాను, వేళకు పడుకుంటున్నాను. ఆయన పోయి మొన్నటికి ఏడాది నిండింది, సంవత్సరీకం పెట్టాము. వచ్చినవాళ్లు ఏమేమో అన్నారు. నాకు పెదవులు కదలడమే కనిపించింది. చెవి మిషను పెట్టుకుంటే జల్లెడలో రాళ్లు ఆడించినట్టు ఉంటుంది, డబ్బాలోంచి తీయడమే మానేశాను. ఫోను నాకు దండగ. అందుకే నీకు ఈ చేతిరాత బాధ.

సంగతి ఏమిటంటే, మన ఊరు పుట్టి మూడు వందల ఏళ్లయిందట. చెరువు కట్ట మీది రాతి శాసనం ఎవరో చదివి లెక్క కట్టారు. వచ్చే ఫిబ్రవరిలో మూడు ఆదివారాలు పండగ చేస్తారు. వరుసగా మూడు రోజులు చేస్తే ఫ్యాక్టరీలకు పోయేవాళ్లకు సెలవు దొరకదు కాబట్టి ఇలా పెట్టారు. మనం చదివిన హైస్కూల్లో పాత కుటుంబాలకు తలా ఒక బల్ల ఇస్తారు. ఇంట్లో ఉన్న పాత ఫోటో, పాత వస్తువు దాని మీద పెట్టి, తమ వంశం గురించి నాలుగు మాటలు రాయాలి. చివరి ఆదివారం ఇంటికొక పెద్ద మైకులో రెండు నిమిషాలు మాట్లాడాలి. మా గిరిప్రసాదే కమిటీలో ముందుండి తిరుగుతున్నాడు. ఊరి చరిత్ర పుస్తకం కూడా వాడే వేయిస్తున్నాడు.

మీ కుటుంబం గురించి రాసి పంపమని వాడు అడిగాడు. మీ నాయన లేకుండా ఈ ఊరి చరిత్ర ఏముంది? రాయి. పండగకు రా. ఈసారి మా అరుగు మీదే కూర్చుని వెళ్లిపోవద్దు, లోపలికి రావాలి. అడిగేవాళ్లు ఇప్పుడు ఎవరూ లేరు.

దేవకమ్మ

*

సూళ్లూరుపేట,
26-8-2024

ప్రియమైన దేవకమ్మకు,

ప్రభువు కృపవలన నేను, అమల క్షేమం. అమల షిఫ్టు డ్యూటీల మీద తిరుగుతోంది. ఇంట్లో నేను, రేడియో.

పండగ సంగతి చదివాను. సంతోషమో దుఃఖమో ఏదో ఒకటి కలుగుతుందని ఉత్తరం పక్కన పెట్టి చూశాను. ఏదీ కలగలేదు. ముప్పై రెండేళ్లు వార్డులో పని చేశాను కదా, చచ్చిపోయినవాళ్ల కళ్లు మూసి టీ తాగడానికి వెళ్లడం అలవాటైంది. మీ అబ్బాయి అడిగాడన్నావు కాబట్టి రాస్తున్నాను. నీకు తెలిసిందే, అతనికి చదివి వినిపించు.

మా నాయన చెంగయ్య కారవేడు చెరువుకు నీరుగంటి. ఆయన తండ్రీ తాతా చేసింది అదే పని. చెరువు నీళ్లు ఏ మడికి ఎంతసేపు పారాలో తేల్చి, తూము తీసేదీ మూసేదీ నీరుగంటే. అతనికి ఒక్క సెంటు మాగాణి ఉండకూడదు. ఉంటే నీళ్లు అటే పోతాయని ఊరి భయం. తూము రాయిని లేపే కడ్డీ ఎప్పుడూ అతని భుజం మీదే ఉండాలి. మూడున్నర అడుగుల ఇనుము, కొసన వంకీ. ఆ వంకీ తప్ప ఇంకేదీ ఆ రాయి గుంటలో పట్టదు. కడ్డీ ఏ రైతు గడపా దాటకూడదన్నది కట్టుబాటు. దాటితే ఆ ఏడు నీళ్లకు న్యాయం ఉండదని అనేవారు. మీ ఇంటికి తన కూలి గింజలకు వచ్చినప్పుడు నాయన దాన్ని బయటి గోడకు ఆనించి, దాని మీదే చూపు పెట్టి నిలబడేవాడు.

ఎనభై నాలుగు నవంబరు తుపానులో అదనపు నీళ్లు మొరవ మీదుగా నిండుగా పారినా చెరువు తగ్గలేదు. తూము కూడా తీసి ఉంటే కొంత దిగేదేమో. తీయలేదు. దీపాలు పెట్టే వేళకు కట్ట తెగింది. కట్ట కిందనే మా పేట. ఏడుగురు పోయారు. అందులో మా అమ్మ, మా తమ్ముడు ఏబెల్. వాడికి తొమ్మిదేళ్లు. నేను తిరుపతిలో నర్సు ట్రైనింగులో ఉన్నాను. నీరుగంటి కల్లు తాగి కడ్డీ ఎక్కడో పారేసుకున్నాడని ఊరంతా అంది. ఆయన మాత్రం, "కడ్డీ నా కాడ లేదమ్మా" అనేవాడు. మరి యాడికి పోయింది నాయనా అంటే తల వంచుకునేవాడు. తరవాత నేను అడగడం మానేశాను.

ఇదీ మా వంశ చరిత్ర. బల్ల మీద పెట్టడానికి వస్తువేమీ లేదు. నేను రాను.

రూతు

*

కారవేడు,
6-10-2024

రూతుకు,

నీ ఉత్తరం అందింది. జవాబు రాయడానికి ఆలస్యమైంది. కోడలు రేవతికి జ్వరం వచ్చి తగ్గింది. గోంగూర పచ్చడి పెట్టాను, సూళ్లూరుపేట వైపు ఎవరైనా వస్తే పంపుతాను.

నీ ఉత్తరం గిరికి మొత్తం చదివి వినిపించలేదు. నీరుగంటి పని ఏమిటో చెప్పాను. కడ్డీ సంగతి వరకు పోలేదు. వాడి పుస్తకం అచ్చుకు పోయేముందు కాగితాలు నాకు చూపించాడు. అందులో ఒక వాక్యం ఉంది: 1984లో నీరుగంటి అజాగ్రత్త వల్ల చెరువు కట్ట తెగి ఏడుగురు మరణించారు. ఆ వాక్యం తీసేసి వానల వల్ల తెగిందని రాయమన్నాను. వాడు కాగితం మీద రాసి చూపించాడు: "చరిత్ర అంటే ఉన్నది ఉన్నట్టు రాయాల మా. ఊరంతా చెప్పేదే గదా." వాడు చదువుకున్నవాడు, నేను ఎనిమిదో తరగతి. ఏం చెప్పగలను?

నువ్వు వద్దంటే వాడు వింటాడు. ఒక్క ముక్క రాయి. పేరు అయితే వేయలేదు, నీరుగంటి అనే ఉంది.

దేవకమ్మ

*

సూళ్లూరుపేట,
13-11-2024

దేవకమ్మకు,

ఈ రోజుకు నలభై ఏళ్లు. పొద్దున ప్రార్థన చేసుకుని, ఇడ్లీ తిని, కరెంటు బిల్లు కట్టి వచ్చాను.

ఆ వాక్యం ఉండనీ. నేను కూడా అదే నమ్ముతాను కదా, ఏమని వద్దనేది? నాయనను ఇక్కడికి తెచ్చుకుని పాతికేళ్లు అన్నం పెట్టాను. అన్నం తిను, మందు వేసుకో, కాళ్లు కడుక్కో, ఇవే మా మాటలు. నేను అడగడం మానేసిన రోజు నుంచి నాయనా అని కూడా పిలవలేదు. ఆయన అది గమనించాడు. ఎప్పుడూ అనలేదు. రెండు వేల తొమ్మిదిలో పోయాడు. సమాధి రాయి మీద చెంగయ్య అని, తేదీలు, అంతే వేయించాను. ఇంకో వరుసకు చోటుంటే మేస్త్రీ ఏం చెక్కాలమ్మా అని అడిగాడు. ఏమీ వద్దన్నాను.

అమల ఫోనులో పండగ ప్రకటన చూసింది. తాత ఊరు ఒక్కసారైనా చూడాలంటోంది. దానికి ముప్పై నాలుగేళ్లు వచ్చినా నేను ఎన్నడూ తీసుకురాలేదు. సరే, మొదటి ఆదివారం వస్తాము. తడ మీదుగా సత్యవేడు బస్సు ఎక్కితే రెండు గంటలు కూడా పట్టదట.

రూతు

*

కారవేడు,
19-1-2025

ప్రియమైన రూతుకు,

వస్తామని రాశావు. సంతోషమే. అయితే ఒక మాట. మొదటి ఆదివారం జనం చాలా ఉంటారు. స్కూలు మెట్లు నీకు గుర్తున్నాయి కదా, పద్దెనిమిది మెట్లు, పట్టుకోవడానికి పిట్టగోడ కూడా లేదు. నీకు మోకాళ్ల నొప్పి. ఇక్కడ మంచినీళ్లు కూడా సరిగా రావడం లేదు. పండగ అంతా అయిపోయాక, మార్చిలో నిదానంగా వస్తే ఇద్దరం కూర్చుని మాట్లాడుకోవచ్చు. అమలకు చెరువు అప్పుడు చూపిద్దాం. చెరువు అంటే ఇప్పుడు తుమ్మ చెట్లే. ఎవరి బోరు వాళ్లకు ఉన్నాక చెరువు ఎవరికి కావాలి?

గిరి మా బల్ల మీద పెట్టడానికి అటక మొత్తం దించాడు. మా మామగారి గొడుగు, ఇత్తడి కాగు, ఇంకా ఏవో ఇనుప సామాన్లు. చింతపండు పెట్టి తోమిస్తున్నాడు. ఇల్లంతా దుమ్ము. నాకు నాలుగు రోజులుగా నిద్ర లేదు.

మార్చిలో రా. నా మాట విను.

దేవకమ్మ

*

సూళ్లూరుపేట,
3-2-2025

దేవకమ్మా,

నిన్న వచ్చాము. నీకు ఒంట్లో బాగాలేదు, ఇంట్లోనే పడుకున్నావు అని రేవతి చెప్పింది. ఇంటికి రమ్మంది. బస్సు వేళయిందని చెప్పి వచ్చేశాను.

స్కూల్లో తొమ్మిదో తరగతి గదిలో మీ బల్ల. మీ మామ ఫోటో, గొడుగు, ఇత్తడి కాగు. మధ్యలో ఎర్రగుడ్డ పరిచి, దాని మీద తూము కడ్డీ. దగ్గరకు వెళ్లకముందే గుర్తుపట్టాను. వంకీ దగ్గర ఒక పక్క నొక్కు ఉంటుంది. ఏబెల్ దాన్ని గుర్రం అని ఈడ్చుకుంటూ బండకు కొట్టిన నొక్కు. ఆ రోజు నాయన వాణ్ణి కొట్టాడు.

పక్కన అట్ట మీద రాసి ఉంది: తరతరాలుగా చెరువును కాపాడిన మా ఇంటి తూము కడ్డీ.

గిరి నన్ను చూసి చాలా సంతోషపడ్డాడు. "పట్టుకోని సూడు అత్తా, మా తాతల కాలం నుంచి మా ఇంట్లోనే ఉండాది" అన్నాడు. పట్టుకున్నాను. బరువుగా ఉంది. అతని ముఖంలో ఏమీ లేదు దేవకమ్మా. రైతు ఇంట్లో కడ్డీ ఉండకూడదని అతనికి తెలియదు. బోర్లు వచ్చాక పెరిగినవాడు, ఎవరు చెప్పారు? తెలిసినవాడైతే అటక మీదే వదిలేసేవాడు.

చెంబేటి మోహన్ నాయన పక్క బల్ల దగ్గర ఉన్నాడు. ఎనభై దాటిన ముసలాయన, చెరువు నీళ్లతో సేద్యం చేసినవాడు. కడ్డీ వంక చూశాడు, నా వంక చూశాడు, బయటకు వెళ్లిపోయాడు. ఆయనకు అర్థమైంది.

అమల ఫోటో తీసుకుంది. బయట చలిమిడి పంచుతుంటే ఇద్దరం తిన్నాము. తిరుగు బస్సులో కిటికీ పక్కన సీటు దొరికింది. ఇవన్నీ ఎందుకు రాస్తున్నానంటే, నాకు ఇవి మాత్రమే గుర్తున్నాయి. లోపల ఏమైందో తెలియడం లేదు. సూది వేసిన చెయ్యి మనది కానట్టు ఉంటుందే, అలా ఉంది.

ఒక్కటే అడుగుతాను. నాయన చివరి దాకా కడ్డీ నా కాడ లేదమ్మా అన్నాడు. నేను దాటని మీ గడప అది దాటింది. ఎప్పుడు దాటింది? నువ్వు చూశావా?

రూతు

*

కారవేడు,
9-2-2025

రూతూ,

చూశాను.

తుపాను పట్టిన రెండో రోజు పొద్దున మామ మీ నాయనను పిలిపించాడు. తూము కింద మా చేలో పీకి కుప్ప వేసిన చెనక్కాయ వామి ఉంది, ఇంకా ఎత్తలేదు. తూము తీస్తే కాలవ పొంగి వామి మునుగుతుంది. ఒక్క పూట ఆగమన్నాడు. మీ నాయన ఆగనన్నాడు. అయితే కడ్డీ ఇయ్యి, నేనే తీస్తానులే అని మామ చెయ్యి చాపాడు. మీ నాయన దాన్ని భుజం మీంచి దించి ఇచ్చాడు. మామ దాన్ని తువ్వాలలో చుట్టి లోపలికి తెచ్చి ధాన్యం గాదె వెనక పెట్టాడు. నా ముందే పెట్టాడు.

మధ్యాహ్నం మూడు గంటలకు మీ నాయన మళ్లీ వచ్చాడు. మామ వామి దగ్గరకు పోయి ఉన్నాడు. పోతూ నాతో ఒక మాట చెప్పి పోయాడు. మీ నాయన వానలో గేటు బయటే నిలబడి, "అమ్మా, కడ్డీ ఇయ్యండి. కట్ట కారతా ఉండాది" అన్నాడు. నాకు చెవులు బాగా వినపడే రోజులు. ఆ మాట ఇప్పటికీ వినపడుతుంది. మిగతావన్నీ పోయాయి, అది పోలేదు.

"కడ్డీ ఈడ లేదు చెంగయ్యా" అన్నాను.

నేనే అన్నాను రూతూ. మామ చెప్పమన్నాడు, నేను చెప్పాను. గాదె నాకు పది అడుగుల దూరం. నాకు ఇరవై రెండేళ్లు, గిరి కడుపులో ఉన్నాడు, మామంటే భయం. ఇవన్నీ నలభై ఏళ్లుగా నాకు నేను చెప్పుకుంటున్నవే. ఒక్కటీ సరిపోదు. పని మీద చిత్తూరు పోయిన మా ఆయన తిరిగి వచ్చాక ఆయనకూ చెప్పలేదు.

కట్ట తెగాక కల్లు మాట పుట్టించింది మామే. మీ నాయన ఎందుకు నిజం చెప్పలేదని చాలాసార్లు అనుకున్నాను. కట్టుబాటు తప్పి కడ్డీ చెయ్యి మార్చాడు కదా, ఆ తప్పు తనదే అనుకున్నాడేమో. తూము తీసినా కట్ట నిలిచేది కాదు అని మామ చచ్చేదాకా అంటుండేవాడు. నిలిచేదో లేదో నాకు తెలియదు. నిన్ను మార్చిలో రమ్మన్నది అందుకే. గిరితో కడ్డీ తీసెయ్ అని ఒక్క మాట అంటే తీసేసేవాడు. ఎందుకని అడుగుతాడు కదా. ఆ జవాబు నోటికి రాలేదు.

చివరి ఆదివారం మా ఇంటి తరఫున మాట్లాడవలసింది నేను. గిరి రాసిచ్చిన కాగితం ఉంది. అది చదవను. నువ్వు వస్తే రా. రాకపోయినా చెబుతాను.

దేవకమ్మ

*

సూళ్లూరుపేట,
20-2-2025

దేవకమ్మకు,

ఆదివారం నేను వచ్చాను. వెనక, నీళ్ల డ్రమ్ముల దగ్గర నిలబడ్డాను. నువ్వు చూడలేదు. నువ్వు మాట్లాడింది నీకు వినపడి ఉండదు, జనం అన్నదీ వినపడి ఉండదు. ఎవరూ నీకు సరిగా చెప్పి ఉండరు. అందుకే రాస్తున్నాను.

నువ్వు గిరి కాగితం మడిచి కొంగులో దోపుకుని, "ఆ బల్ల మీద ఉండే కడ్డీ మాది గాదు, నీరుగంటి చెంగయ్యది" అన్నావు. అందరూ చప్పట్లు కొట్టారు, ఏదో మర్యాదకు అన్నావనుకుని. తరవాత, "కట్ట తెగిన పొద్దు అది మా ఇంట్లోనే ఉన్నింది. చెంగయ్య వచ్చి అడిగినాడు. లేదని చెప్పింది నేనే" అన్నావు. అక్కడ చప్పట్లు లేవు. మైకు దగ్గరున్న కమిటీ కృష్ణమూర్తి సారు ఎవరికో సైగ చేశాడు. మైకు కట్టేశారు. అది నీకు తెలియదు. నువ్వు ఆపలేదు. చెవుడు వచ్చాక నీ గొంతు పెద్దదైంది, డ్రమ్ముల దాకా వినపడింది. చెనక్కాయ వామి, గాదె, తువ్వాల, అన్నీ వినపడ్డాయి. కల్లు మాట మీ మామ పుట్టించాడన్నదీ వినపడింది. ఏడుగురి పేర్లు చెప్పావు. ఆ పేర్లు నీకు వరుసగా గుర్తున్నాయని నేను అనుకోలేదు. ఏబెల్ పేరు చివర చెప్పావు.

నువ్వు దిగావు. ఒక పసిబిడ్డ ఏడ్చింది. ముందు వరుసలో మీ వాళ్లు కొందరు లేచి వెళ్లారు. మోహన్ నాయన లేచి నిలబడి, మళ్లీ కూర్చున్నాడు. మైకు మళ్లీ పెట్టి, తరువాత కోలాటం అని చెప్పారు. పిల్లలు కర్రలు పట్టుకుని వచ్చారు.

గిరి నేరుగా తొమ్మిదో తరగతి గదిలోకి పోయి, అట్ట చింపేసి, కడ్డీని ఎర్రగుడ్డతోనే తెచ్చి నా ముందు నిలబడ్డాడు. "నాకు తెలీదత్తా" అన్నాడు. అతనికి తెలియదని నాకు తెలుసు. పుస్తకంలో ఆ పేజీ మార్చి మళ్లీ వేయిస్తానన్నాడు. చెంగయ్య అని పేరు పెట్టి వేయమన్నాను.

క్షమించమని నువ్వు ఏ ఉత్తరంలోనూ అడగలేదు. మంచిపని చేశావు. అడిగి ఉంటే ఏం రాయాలో నాకు తెలియదు. నీ మీద కోపం వస్తుందని చూస్తున్నాను, రావడం లేదు. నా మీదే వస్తోంది, అదీ కొంచెం. ఒకటి చెబుతాను, నీకు తెలియనిది. కట్ట తెగిన రెండో రోజు నేను తిరుపతి నుంచి వచ్చేసరికి నాయన రెండు అరచేతులూ చర్మం లేచిపోయి ఉన్నాయి. తాగి రాళ్ల మీద పడ్డాడని అన్నారు. నర్సు ట్రైనింగులో ఉన్నదాన్ని, నేనే కడిగి, మందు రాసి, గుడ్డ కట్టాను. పడితే చర్మం అలా లేవదు. గడ్డపార పట్టి గంటల తరబడి తూము రాయిని పెకలిస్తే లేస్తుంది. మీ గేటు నుంచి ఆయన ఎక్కడికి పోయాడో ఆ చేతుల మీదే రాసి ఉంది. నేను చూశాను. అడగలేదు. నువ్వు ఒక్క మాట అబద్ధం చెప్పావు. నేను పాతికేళ్లు ఆయన ఎదురుగా కూర్చుని చెప్పాను.

నిన్న సమాధుల తోటకు వెళ్లాము. ఖాళీగా ఉన్న వరుసలో నీరుగంటి అని చెక్కమని మేస్త్రీకి చెప్పాను. కడ్డీ అక్కడ పెడదామని తీసుకుపోయాము గానీ, ఎవరైనా పాత ఇనుముకు ఎత్తుకుపోతారని అమల వద్దంది. రాయి దగ్గర నిలబడి నాయనా అని పిలిచి చూశాను. నోటికి ఆ మాట కొత్తగా ఉంది. ఏడుపు వస్తుందనుకున్నాను, రాలేదు. మళ్లీ పిలిచాను.

కడ్డీ తిరిగి ఇంటికే తెచ్చాము. మాది రైతు ఇల్లు కాదు, మా గడప దాటవచ్చు. కొంచెం దూరమే అయినా అమల భుజం మీద మోసుకుని నడిచింది. దారిలో ఆటో స్టాండు దగ్గర ఒకతను, ఏందమ్మా అది, యాడిది అని అడిగాడు.

"మా తాతది" అంది అమల.

రూతు